మొహమాటపు పొరలు

ఏడిపించడానికి తొందరేమీ అక్కర్లేదు. ఏడుపు కాస్త ఆలస్యంగా వచ్చినా ఏడుపే. నవ్వు అలా కాదు, వేళ తప్పితే ఇక రాదు. బుర్రకథలో ఎడమ పక్కన నిలబడి హాస్యం చెప్పే వంతకు ఈ సంగతి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కోటిలింగం పేరు తెచ్చుకున్నదంతా ఆ వేళ మీదే. అలాంటి మనిషి మాటకు వేళ తప్పడం అప్పికట్ల రైసుమిల్లు ఆవరణలో ఒక సాయంత్రం ఇందుమతి కళ్ళారా చూసింది.

మధ్యలో తంబురా భుజాన వేసుకుని కథ చెబుతున్నది కోటిలింగం భార్య తిరుపతమ్మ. కుడి పక్కన ఆమె తమ్ముడు, ఎడమ పక్కన కోటిలింగం, ఇద్దరి చేతుల్లోనూ గుమ్మెట్లు. చెరువు కట్ట తెగి ఊరు మునిగిన కథ అది. తిరుపతమ్మ గిర్రున తిరిగి భర్త ముందు ఆగింది.

"ఏవయ్యా వంతా, ఊరంతా మునిగిపోతంటే రాజుగారు మేడెక్కి కూర్చున్నాడేందయ్యా?"

జవాబు రాలేదు. రెండు చిటికెలు వేసేంత సేపు జనం కోటిలింగం ముఖంలోకి చూశారు. ఆయన పెదవులు కదిలి ఆగిపోయాయి. ఇక లాభం లేదని తిరుపతమ్మ తర్వాతి పాట ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడు, ఆమె రాగం మధ్యలోకి, కోటిలింగం మెడకున్న నల్లటి పట్టీ పలికింది.

"బహుశా వారికి ఈదుట రాకపోవచ్చును."

ఎవరూ నవ్వలేదు. ఆయన అనాలనుకున్నది, "ఈతొత్తే గదా, పాపం" అని. మాట అనుకున్నప్పుడే బయటపడి, అనుకున్నట్టే బయటపడి ఉంటే ఆ మిల్లు రేకులు ఎగిరిపోయేవి.

ఆ పట్టీ పేరు పలుకుపట్టీ. గుంటూరులో దాన్ని తయారుచేసే ప్రయోగశాలలో ఇందుమతి ఇంజనీరు. క్యాన్సర్ వచ్చి కోటిలింగం స్వరపేటిక తీసేశారు గానీ, మాట్లాడమని మెదడు పంపే ఆజ్ఞలు నరాల్లో ఇంకా పారుతూనే ఉన్నాయి. పట్టీ వాటిని చర్మం పైనుంచే పట్టుకుని, చొక్కా జేబులో పట్టే ఒక చిన్న పెట్టెకు పంపుతుంది. పెట్టె వాటిని ఆయన పాత గొంతుతో మాటలుగా పలుకుతుంది. మూగబోయిన మనిషికి మాట తిరిగి రావడం చిన్న విషయం కాదు. మొదటిసారి పట్టీ కట్టినప్పుడు తిరుపతమ్మ ఇందుమతి చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసిన గర్వంతోనే ఇందుమతి ఇవాళ కథ వినడానికి వచ్చింది.

కథ అయ్యాక కోటిలింగం టీ తాగడానికి వెళ్ళినప్పుడు తిరుపతమ్మ ఆమెను పక్కకు పిలిచింది.

"అమ్మాయిగారూ, మాట తెప్పించారు, మీ కడుపు చల్లగుండ. కాదనట్లేదు. కానీ ఇంట్లో ఏం జరుగుతందో చెప్పనా? కూర ఎట్టా ఉందయ్యా అని అడుగుతాను. జవాబొచ్చేలోపల ఉప్పు తక్కువైందిలే అని నేనే అనేసుకుంటన్నా. అడిగేదీ నేనే, చెప్పేదీ నేనే. మేం పోట్టాడుకుని ఎంత కాలమైందో. ఆయనకి కోపమొచ్చి మాటొచ్చేసరికి నాకు కోపం పోతంది. ఇదేం కాపరమమ్మా?"

తిరుపతమ్మ టీ కొట్టు వైపు చూసి గొంతు తగ్గించింది.

"వచ్చే పున్నమికి పొన్నూరులో కథ ఒప్పుకున్నాం. పెద్ద ఊరు, పెద్ద జనం. చీరాల్లో ఒకాయన ఉన్నాడు, హాస్యం బాగా చెప్తాడు. ఎందుకైనా మంచిదని ఆయన్ని రమ్మన్నా. ఈయనకి చెప్పలా. ఎట్టా చెప్పను? పెళ్ళయిన కాడ్నించి నా ఎడం పక్కన నిలబడ్డ మనిషి. ఆయన చేతిలో గుమ్మెట నేనే దింపించాలా?" ఆమె కొంగు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. "ఈలోపల ఏమన్నా చెయ్యగలిగితే చెయ్యండి. లేకపోతే నేను చెయ్యాల్సింది నేను చేత్తాను."

గుంటూరు తిరిగి వచ్చే బస్సులో ఇందుమతి కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది. అంత గర్వంగా వెళ్ళినందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

మర్నాడు ఆమె చేసిన మొదటి పని, ఒక్క మాట వెంట నడవడం. కోటిలింగం నరాల్లోంచి పుట్టిన "ఊఁ" అనే మాటను పట్టుకుని, అది పెట్టెలో ఎక్కడెక్కడికి పోతోందో మొదటి నుంచి చివరి దాకా చూసింది. చూస్తున్నకొద్దీ ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ "ఊఁ" ముందు ప్రోగ్రాములో ఒక పొరలోకి వెళుతుంది. అది, మనిషి ఏమనబోతున్నాడో సగంలోనే ఊహించేస్తుంది. ఊహించింది పొరపాటేమోనని రెండో పొర "ఈ మాట నిజంగా అనాలనుకుంటున్నాడా" అని తనిఖీ చేస్తుంది. మూడోది మళ్ళీ అదే తనిఖీ. నాలుగోదీ అదే, ఐదోదీ అదే. పెళ్ళివారింట్లో ప్రతి చుట్టమూ వచ్చి "కాఫీ తాగారా" అని అడిగినట్టు, ముందువాడు అడిగాడో లేదో ఎవరికీ పట్టదు. ఆ తర్వాత మాట ఇంగ్లీషులోకి మారుతుంది, ఎందుకంటే వ్యాకరణం దిద్దే పొరకు ఇంగ్లీషే వచ్చు. దిద్దిన మాట మళ్ళీ తెలుగవుతుంది, గ్రాంథికపు తెలుగు. దానికి మర్యాద నేర్పే పొర ఇంకొకటి. చిట్టచివరన గొంతును తియ్యగా చేసే పొర. ఆ చివరిది ఇందుమతి రాసిందే. దానికి సంస్థ వాళ్ళు శాలువా కూడా కప్పారు.

ఒక్కో పొరనూ విడిగా చూస్తే ఎవరి పనీ తీసిపారేసేది కాదు. అన్నీ కలిస్తే మాత్రం పాత ఇంటి గోడకు ఏటేటా వేసిన సున్నంలా తయారైంది. ఎవరూ గీకరు, మీదే వేస్తారు. నగిషీ ఎక్కడుందో చివరికి గోడకే తెలియదు.

గీకకపోవడానికి కారణం ఉంది. ఆ ప్రయోగశాలలో ఒక ఆచారం. ముందువాళ్ళు రాసినదాన్ని తెరిచి మార్చడం తప్పు. అన్నిటికంటే అడుగున ఉన్నది వామనరావుగారు రాసింది. ఇప్పుడు ఆయన సంస్థకు పెద్ద. పలుకుపట్టీ అనే ఊహే ఆయనది. ఆ అడుగు ప్రోగ్రాము ఉన్న తొలి పెట్టెను అద్దాల బీరువాలో పెట్టి, దసరాకు ఆయుధపూజ చేసి కుంకుమ పెడతారు. పూజించినదాన్ని విప్పి చూసే ధైర్యం ఎవరికి ఉంటుంది? కొత్తగా చేరిన ప్రతివాడూ ఆ కుంకుమకు దణ్ణం పెట్టి, దాని మీద తన పొర వేసి వెళ్ళాడు.

ఇందుమతి వామనరావుగారి గదికి వెళ్ళి ఆలస్యం సంగతి చెప్పింది. ఆయన సన్నగా, తెల్లగా, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు ఒరిగి నిలబడే మనిషి. అంతా విన్నాడు.

"పైన ఇంకో పొర వేస్తే సరిపోతుందేమో చూడమ్మా. తరచుగా అనే మాటల్ని దాచిపెట్టి గబుక్కున అందించేది."

"ఆలస్యం తగ్గించడానికి ఇంకో పొరా సార్?"

ఆయన నవ్వబోయి ఆగాడు. "మరి ఏం చేద్దామంటావు?"

"కొన్ని తీసి చూస్తాను. కోటిలింగంగారి ఒక్క పెట్టెలోనే. ముందు నాది తీస్తాను."

"నీది తీసుకో. మిగతావాళ్ళవి... వాళ్ళు నొచ్చుకుంటారేమో." చాలాసేపు బల్ల మీద వేలితో రాస్తూ కూర్చుని, చివరికి తలూపాడు. "సరే, నకలు మీద చెయ్యి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఆ తనిఖీలు ఊరికే పెట్టలేదు. అవి లేనప్పుడు ఒక పెద్దావిడ మనసులో అనుకున్నదల్లా పట్టీ బయటికి అనేసింది, వియ్యాలవారి ముందు. ఆ సంబంధం చెడిపోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మనం చేసేది పెదవి లేని నోరు. అడుగుదాకా వెళ్ళకమ్మా, అది పాతది. ఇప్పుడు పనికిరాదు."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు దించుకోవడం ఇందుమతి చూసింది. తన పని విప్పుతారని బాధ కాబోలు అనుకుంది.

కోటిలింగం రోజూ బాపట్ల నుంచి రైల్లో వచ్చి ప్రయోగశాలలో కూర్చునేవాడు. తియ్యదనపు పొర తీసేసరికి ఆయన గొంతులోకి పాత జీర వచ్చింది.

"అమ్మయ్య" అన్నాడు పట్టీలోంచి, కాస్త ఆలస్యంగానే. "ఇప్పటివరకు వార్తలు చదువువారెవరో నా గొంతులో కాపురముండిరి. ఇప్పుడు ఖాళీ చేసినట్లున్నారు."

శాలువా కప్పించుకున్న పనికి అంతకంటే మంచి సత్కారం ఉండదని ఇందుమతి నవ్వుకుంది. మర్యాద పొర పోయింది, ఇంగ్లీషుకు పోయి రావడం పోయింది. పోయినకొద్దీ కోటిలింగం మాట బాపట్ల దగ్గరికి వస్తోంది. "చేయుచున్నారు" పోయి "చేత్తన్నారు" వచ్చిన రోజు ఆయన పిల్లవాడిలా మురిసిపోయాడు. రెండు చిటికెల ఆలస్యం ఒకటికి దిగింది. అయినా ఆ ఒక్క చిటికె చాలు నవ్వును చంపడానికి. అదంతా నాలుగు తనిఖీల్లోనే ఉంది.

"అవి తీస్తే మనసులో మాట బయట పడొచ్చు, బాబాయిగారూ" అని ఇందుమతి దాపరికం లేకుండా చెప్పింది. "మీరు ఒప్పుకుంటేనే."

కోటిలింగం వెంటనే జవాబు చెప్పలేదు. ఈసారి ఆలస్యం పట్టీది కాదు.

"ఒకటుందమ్మా లోపల. మా ఆవిడ చీరాల మనిషికి కబురెట్టింది. నాకు తెలుసని ఆవిడకి తెలవదు. తెలిస్తే సిగ్గుపడి పొన్నూరు కథే మానుకుంటది. మానుకోగూడదు. ఈ దేశంలో ఆవిడంత కథ చెప్పేవాళ్ళు లేరు." మెడ పట్టీ సర్దుకుని అన్నాడు, "అదొక్కటీ బయటికి రాకుండా నేను చూసుకుంటా. తియ్యండి."

భార్య దాస్తున్నది భర్తకు తెలుసు. భర్తకు తెలుసన్నది భార్యకు తెలియదు. ఇద్దరి మాటా తన దగ్గరే ఉంది, తను ఎవరికీ చెప్పకూడదు. వాళ్ళ కాపురం కూడా తమ పెట్టెలాగే ఉందని ఇందుమతికి అనిపించింది.

నాలుగు తనిఖీలూ, వాటి కిందనున్న ఊహించే పొరా తీసేసింది. అంటే వామనరావుగారి అడుగు ప్రోగ్రాము ఒక్కటే మిగిలింది. వెళ్ళకమ్మా అన్న చోటికే వెళ్ళింది. పెట్టెను కోటిలింగం చొక్కా జేబులో పెట్టి, "ఏదైనా అనండి" అంది.

పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆయన మళ్ళీ ప్రయత్నించాడు, మెడ నరాలు ఉబ్బాయి. పట్టీ పలకలేదు. ఇందుమతి తీగలు చూసింది, పట్టీ మార్చింది, ఎన్నిసార్లు చేసినా అంతే. కోటిలింగం ముఖం ఆపరేషన్ మర్నాటి ముఖంలా అయిపోయింది. ఆలస్యంగానైనా వస్తున్న మాట కూడా పోయిందన్న భయం ఆ కళ్ళలో ఇందుమతికి కనబడింది. గబగబా పాతది మళ్ళీ ఎక్కించి ఇచ్చింది. వెళ్ళేటప్పుడు ఆయనే ఆమెను ఓదార్చాడు. అదీ ఒక చిటికె ఆలస్యంగానే.

ఆ తర్వాత ఆమె ఎవరూ చెయ్యని పని చేసింది. వామనరావుగారి ప్రోగ్రామును మొదటి వాక్యం నుంచి చదివింది.

చదువుతూ చదువుతూ తెలియకుండానే లేచి నిలబడింది. ఇంత చిన్నదా? తామంతా కలిసి రాసింది పుస్తకాల బీరువా అంత ఉంటే, ఇది అరచేతిలో పట్టేంత ఉంది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క పనీ రెండుసార్లు చెయ్యదు. నరం కదలగానే శబ్దం, మధ్యలో ఎవరూ అడ్డం లేరు. తెలుగు మనిషి నాలుక ఎలా మడతపడుతుందో తెలిసినవాడు రాసింది. ఇన్నేళ్ళూ దీనికి కుంకుమ పెట్టాం గానీ ముఖం చూడలేదు అనుకుంది. తల్లి చేతి వంట తిననివాడు హోటళ్ళ మీద వ్యాసం రాసినట్టుంది తమ పని.

కానీ ఒకటి అర్థం కాలేదు. ప్రోగ్రాము నాలుక నుంచి ఒక సంకేతం, గొంతు నుంచి ఒక సంకేతం తీసుకుంటోంది. మూడోదాని కోసం ఎదురుచూస్తోంది. అది రాకపోతే నోరు విప్పదు. దాని పేరు ఉత్త "నడుము" అని ఉంది.

తొలి పెట్టెలకు నడుముకు కట్టుకునే పటకా ఒకటి వచ్చేది. అది పెట్టె మోయడానికేనని అందరూ అనుకున్నారు. పెట్టె చిన్నదయ్యాక జేబులో పెట్టుకుని పటకా పారేశారు. ఆ పటకాలో ఏముంది? వామనరావుగారిని అడిగితే తెలుస్తుంది. కానీ అడగడమంటే, వెళ్ళవద్దన్న చోటికి వెళ్ళానని ఒప్పుకోవడమే. అంతకంటే ఘోరం, మీరు రాసింది నాకు అర్థం కాలేదని పెద్దాయన ముఖాన అనడం. ఇందుమతి ఆయన గది దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళి వెనక్కి వచ్చింది. గుమ్మెట నేనే దింపించాలా అన్న తిరుపతమ్మ మాట గుర్తొచ్చి మూడోసారి తలుపు తోసింది.

"సార్, నడుము అంటే ఏమిటి?"

వామనరావుగారు చదువుతున్న కాగితం కింద పెట్టాడు. 

"ఊపిరి" అన్నాడు.

ఆ తర్వాత మెల్లగా చెప్పాడు. "నేను మొదట కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. ప్రశ్న వేసి పిల్లల్ని చూస్తూ నిలబడేవాణ్ణి. జవాబు తెలిసి, చెప్పాలని నిశ్చయించుకున్న పిల్ల ముందు చిన్నగా ఊపిరి తీసుకుంటుంది. తెలిసినా చెప్పాలా వద్దా అని లోపల్లోపలే నలిగే పిల్ల తీసుకోదు. మనసులో మాటకూ పైకి అనే మాటకూ తేడా అదేనమ్మా. కొత్తగా తలుపేమీ పెట్టక్కర్లేదు, దేవుడు పెట్టే పంపాడు. డొక్కలు కదిలితే ఆ పటకాకు తెలుస్తుంది. మామూలుగా ఆడే ఊపిరిని అది లెక్కపెట్టదు. మాట కోసం తీసే ఊపిరి వస్తే మాట, లేకపోతే లేదు."

 ఇంత పెద్ద చిక్కుముడికి ఇంత సులువైన విడుపు ఉంటుందని ఇందుమతి ఎన్నడూ అనుకోలేదు. ఆయన ముందు కూర్చోవాలనిపించక నిలబడే ఉంది.

"మరి మా ముందువాళ్ళు..."

"ఎవరో పటకా కట్టకుండా పరీక్షించి ఉంటారు. పలకలేదు. ఇది పనిచెయ్యట్లేదనుకుని పైన ఊహించే పొర వేశారు. దానికి ఊపిరితో పనిలేదు. అందుకే అనకూడనివి కూడా అనేసింది. అప్పుడు తనిఖీ పెట్టారు. ఆ తనిఖీ మీద నమ్మకం లేనివాళ్ళు ఇంకోటి పెట్టారు."

"మీరెందుకు చెప్పలేదు సార్?"

"పిల్లలు నాకంటే చదువుకున్నవాళ్ళు. నా దాంట్లో ఏదో లోపం కనబడి పైన కప్పారనుకున్నాను. ఏం లోపమని అడిగితే ఇబ్బంది పడతారని ఊరుకున్నాను."

"మీది విప్పితే మీరు నొచ్చుకుంటారని మేమెవరం విప్పలేదు."

ఆయన పకపకా నవ్వాడు. అలా నవ్వగలడని ఇందుమతికి తెలియదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, అద్దాల బీరువా తెరిచి, తొలి పెట్టె వెనక చుట్టచుట్టి ఉన్న పటకాను తన చేత్తో బయటికి తీశాడు. దానికీ కుంకుమ అంటి ఉంది.

మర్నాడు కోటిలింగానికి పటకా కట్టారు. "ఏదైనా అనండి" అంది ఇందుమతి. ఆయన డొక్కలు కాస్త పొంగాయి.

"ఏమనమంటారు?"

ఆలస్యం లేదు. ఆమె మాట ముగిసిన చోటే ఆయన మాట మొదలైంది. కోటిలింగం తన మాట విని తానే ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆగకుండా మాట్లాడాడు, రైలు గురించీ, మోకాళ్ళ నొప్పి గురించీ, ప్రయోగశాల టీ గురించీ. మధ్యలో కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే మాట్లాడాడు. జరిగిందంతా ఇందుమతి చెబితే విని, వామనరావుగారి వైపు తిరిగాడు.

"మొహమాటానికి పోతే కడుపయిందని సామెత. మీ పెట్టెకి వరసగా నాలుగు కాన్పులయ్యాయన్నమాట."

వామనరావుగారికి మళ్ళీ నవ్వు వచ్చింది. నవ్వు తగ్గాక ముఖం గంభీరంగా పెట్టి చెప్పాడు. "ఒక్కటుంది కోటిలింగంగారూ. నిట్టూర్పు కూడా అలాంటి ఊపిరే. మనసులో ఏదైనా తిరుగుతుండగా నిట్టూర్చారంటే, అది మాటగా బయటికి వచ్చేస్తుంది. దానికి నా దగ్గర మందు లేదు."

"స్టేజీ మీద నిట్టూర్చే హాస్యగాణ్ణి ఎక్కడన్నా చూశారా సార్? నేను చూసుకుంటాగా."

ఇంట్లో మాత్రం ఆయన ఆ సంగతి చెప్పలేదు. పొన్నూరు దాకా పాత పెట్టెతోనే ఆలస్యంగా మాట్లాడాడు. భార్యను స్టేజీ మీదే ఆశ్చర్యపరచాలని ఆయన సరదా. తిరుపతమ్మ చీరాల మనిషిని రావద్దని చెప్పలేదు.

పొన్నూరులో జనం నేల ఈనినట్టు వచ్చారు. ఇందుమతి, వామనరావుగారు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళ పక్కనే ఒకాయన ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని ఉన్నాడు. సంచిలో గుమ్మెట గుండ్రంగా తెలుస్తోంది. చీరాల నుంచి వచ్చారా అని ఇందుమతి అడగలేదు. కథ మొదలైంది, కట్ట తెగింది, ఊరు మునిగింది.

"ఏవయ్యా వంతా, ఊరంతా మునిగిపోతంటే రాజుగారు మేడెక్కి కూర్చున్నాడేందయ్యా?" అని తిరుపతమ్మ అలవాటు ప్రకారం అడిగి, అలవాటు ప్రకారం తర్వాతి పాటకు నోరు తెరిచింది.

"ఈతొత్తే గదా, పాపం."

జనం గొల్లుమన్నారు. తిరుపతమ్మ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. భర్త వైపు ఎవరినో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. మళ్ళీ పరీక్షగా అడిగింది.

"రాజుకి ఈత రాకపోతే మంత్రికన్నా రాదా?"

"మంత్రికొచ్చు. రాజుగారు మునగందే తను ఈదితే మర్యాద కాదని ఆగాడు."

వామనరావుగారు, ఇందుమతి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్కడి నుంచి ఆ ఇద్దరినీ ఆపగలిగినవాళ్ళు లేరు. ఆమె విసరడం, ఈయన పట్టుకోవడం, మధ్యలో చీమ దూరే సందు లేదు. తిరుపతమ్మ వయసు పదేళ్ళు తగ్గినట్టు గంతులు వేసింది. కథ చెప్పే మనిషికి తోడు దొరికితే ఎలా ఉంటుందో ఇందుమతి అప్పుడే చూసింది. పలుకుపట్టీ సంగతి తనకంతా తెలుసని ఇన్నాళ్ళూ అనుకుంది. అది ఎందుకు పుట్టిందో ఇవాళ తెలిసింది.

తర్వాత కరుణ ఘట్టం వచ్చింది. వరదలో రాణి కొట్టుకుపోతోంది. గట్టు మీద నిలబడ్డ రాజు చెయ్యి చాస్తాడు, అందదు. తిరుపతమ్మ గొంతు తగ్గించి పాడుతోంది. వంతలు సన్నగా గుమ్మెట్లు తడుతున్నారు. కోటిలింగం చూపు భార్య మీద నుంచి ముందు వరసలోని గుడ్డసంచి మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఆయన డొక్కలు పొంగి, నెమ్మదిగా దిగడం ఇందుమతి చూసింది. లేవబోయింది గానీ అప్పటికే మించిపోయింది.

"చీరాల మనిషికి కబురెట్టావని నాకు తెలుసే తిరపతమ్మా. ఈ కథయ్యాక నేనే దిగిపోతాలే."

మైకులో ఊరంతా వినబడింది. తంబురా ఆగింది. కోటిలింగం మెడ మీది పట్టీని చేత్తో గట్టిగా మూసుకున్నాడు, పోయిన మాట మళ్ళీ లోపలికి వస్తుందేమో అన్నట్టు.  ఇంత చేసి, చివరికి ఆ మనిషి దాచుకున్న ఒక్క మాటనూ నలుగురిలో పడేశానే అని ఇందుమతికి ఏడుపు వచ్చింది.

తిరుపతమ్మ భర్త ముందుకు వచ్చి నిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు దీపాల వెలుగుకు మెరుస్తున్నాయి.

"ఎప్పుడు తెలిసింది?"

ఆయన చెయ్యి తీశాడు. "కబురెట్టిన రోజే."

"మరి ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నావేం?"

"నాకు మాటొచ్చేలోపల నా జవాబు కూడా నువ్వే చెప్పేత్తన్నావుగా."

వెనక ఎక్కడో ఒక ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు వరసలు దాటుకుంటూ ముందుకు వచ్చింది. తిరుపతమ్మ జనం వైపు తిరిగింది.

"దిగిపోతాడంట! రాణి ఏట్లో కొట్టుకుపోతంటే ఈయనగారు దిగిపోతాడంట. దిగు చూద్దాం."

"ఎక్కేటప్పుడే మోకాళ్ళు పట్టేశాయి. దించేవాళ్ళని పిలు, దిగుతా."

"నేనుండగా నిన్ను దించేదెవరయ్యా?" అంది తిరుపతమ్మ. ఇన్నాళ్ళకు వచ్చిన పోట్లాట అది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో జనానికి తెలియలేదు, ఆమెకూ తెలిసి ఉండదు. "తందాన అను ముందు."

"తందాన తాన" అన్నాడు కోటిలింగం, సరిగ్గా వేళకు. రాణి కథ మళ్ళీ మొదలైంది. ఇదంతా కథలోదే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఇందుమతి పక్కకు చూస్తే గుడ్డసంచి ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. మంగళం పాడేసరికి ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. సంచి ముడి విప్పనే లేదు.

కథ అయ్యాక వామనరావుగారు ఇందుమతి వెంట స్టేజీ పక్కకు వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "క్షమించాలి. ఆ నిట్టూర్పు సంగతి... దానికి చిన్న పొర ఒకటి వేస్తే..." అని, తన మాటకు తనే సిగ్గుపడి ఆగాడు.

"వద్దు సార్" అంది తిరుపతమ్మ గబుక్కున. "ఆయన నిట్టూర్పు నాకు వినపడాల. అట్టాగే ఉంచండి." అనేసి నాలుక కరుచుకుంది. మళ్ళీ ఆయన జవాబు తనే చెప్పేసింది. భర్త వైపు తిరిగి, తంబురా దించి, చేతులు కట్టుకుని నిలబడింది. "కాదులే. నువ్వు చెప్పవయ్యా."

ముగ్గురూ ఎదురుచూశారు. కోటిలింగం డొక్కలు చిన్నగా పొంగాయి.

"ఆవిడ చెప్పిందే" అన్నాడు.